మంజీర నీరు, బోధను చెరకు: ఒక పంపకపు చరిత్ర

ఉదయమున కాఫీలో కలుపుకొను చెంచెడు చక్కెర వెనుక ఎన్ని లెక్కలు దాగియున్నవో మనము సాధారణముగా తలపోయము. ఏ కాలువలో ఎన్ని దినములు నీరు విడువవలెను, ఏ రైతు తోట ఏ నాడు నరకవలెను, కర్మాగారములో ఏ పాత్రకు ఎంత ఆవిరి పంపవలెను అను మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము దొరికినప్పుడే ఆ చక్కెర మన ఇంటికి చేరును. ఈ మూడింటికిని మూలము ఒక్కటే: ఉన్నది కొంచెము, కోరువారు పెక్కురు. ఉన్నదానిని ఎవరికెంత, ఎప్పుడు, ఏ వరుసలో ఇచ్చినచో అందరికిని ఎక్కువ మేలు కలుగును? నేటి శాస్త్రజ్ఞులు దీనికి వనరుల కేటాయింపు అని పేరిడి, గణనయంత్రములచేత లెక్కలు కట్టించుచున్నారు. విద్యుత్తునకు మారు వెలుతురుతోనే లెక్కించు యంత్రములను సైతము ప్రయోగశాలలలో నిర్మించుచున్నారు. కాని ఈ చిక్కు కొత్తది కాదు. ఇందూరు సీమలో, అనగా నిజామాబాదు, బోధను ప్రాంతములలో, దీనిని తూములతోను, చీటీలతోను, మనుష్యుల ఓర్పుతోను పరిష్కరింప యత్నించిన చరిత్ర కలదు. దానిని నేడు కొంచెము నెమరువేసికొందము.

పెద్ద ఆనకట్టలు లేని కాలమున ఈ సీమకు చెరువే ఆధారము. బోధనునకు బెల్లాలు చెరువు ఎట్లో, ఊరూరికి ఒక చెరువు అట్లు. చెరువు నీటిని పంచువాడు నీరటి. తూము ఎత్తుట, దించుట, ఏ మడి తడిసినది, ఏది తడియలేదు అని చూచుట అతని వృత్తి. చెరువు నిండిన ఏట ఆయకట్టు అంతయు సాగగును. సగమే నిండిన ఏట ఊరివారు కూర్చుండి, ఈసారి ఇంత భూమికే నీరు అని ముందుగా నిర్ణయించుకొందురు. దీనినే తైబందీ అనిరి. నీరు చాలనప్పుడు నాట్లు వేసి ఎండబెట్టుకొనుటకంటె, వేయకముందే తగ్గించుకొనుట మేలని మన పెద్దలు గ్రహించిరి. ఈ పద్ధతికి బలము ఎక్కడనున్నది? చెరువు ఎంత నిండినదో ఊరివారందరికిని కట్టమీదినుండియే కనబడును. కొలత దాగదు. కావున మాటకు విలువ ఉండును.

1923లో మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణము ఆరంభమైనప్పుడు ఈ లెక్క ఒక్కసారిగా పెద్దదైనది. బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు, మెదకు సీమల మీదుగా వచ్చి, కందకుర్తియొద్ద గోదావరిలో కలియు నది ఇది. అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ దీనికి అడ్డుకట్ట వేసిరి. ఈ నిర్మాణమునకు సూత్రధారి నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. 1877 జులై 11న హైదరాబాదులో జన్మించి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగు చదివిన ఈయన జన్మదినమునే తెలంగాణ రాష్ట్రము ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది. 1931 నాటికి ఆనకట్ట పూర్తియైనది. సుమారు 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ, దానినుండి చీలిన పిల్లకాలువలు 2,75,000 ఎకరములకు నీరిచ్చు సంకల్పముతో త్రవ్వబడినవి. జలాశయములో మొదట పట్టు నీరు దాదాపు 30 శతకోటి ఘనపుటడుగులు. అనగా నేటి వాడుకలో 30 టి.ఎం.సి.లు.

ఇచట ఒక చిన్న లెక్క వేసికొందము. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. పంటకాలము మొత్తమునకు వరిపొలములో 4 అడుగుల లోతున నీరు కావలెననుకొన్నచో, ఎకరమునకు 1,74,240 ఘనపుటడుగులగును. ఒక్క శతకోటి ఘనపుటడుగులతో ఇంచుమించు 5,700 ఎకరముల వరి తడియును. ఈ లెక్కన జలాశయము ఒకసారి నిండిన నీరంతయు, కాలువలో ఇంకిపోవునది, ఎండకు ఆవిరియగునది విడిచినను, 1,72,000 ఎకరముల వరికే సరిపోవును. 2,75,000 ఎకరములలో తక్కినవాటి గతి ఏమి? వానకాలమున నదిలో మరల వచ్చు నీరు కొంత ఆదుకొనును, నిజమే. అయినను భూమి అంతటను వరియే వేసినచో సరిపోదని కాగితముపైననే తేలుచున్నది. అదే నీటిని 2 అడుగులతో తృప్తిపడు ఆరుతడి పంటలకిచ్చినచో రెట్టింపు భూమి తడియును. కావున కాలువ త్రవ్వినంతమాత్రమున పని ముగియలేదు. ఏ భూమిలో ఏ పంట, ఏ కారులో ఎంత మేర అను విభజన అసలు పని.

చెరకు వచ్చి ఈ లెక్కను మరింత చిక్కుపరచినది. ఆబీ వరి వానకాలముతో పోవును. తాబీ వరి వేసవి ముదురకముందే కోతకు వచ్చును. చెరకట్లు కాదు. అది ఏడాది పంట. జలాశయము అడుగంటు ఏప్రిల్, మే నెలలలోనే లేతతోటకు తడి తప్పరాదు. ఏడాది పొడుగున 1,500 నుండి 2,500 మిల్లీమీటర్ల నీరు చెరకునకు కావలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. కొద్దిపాటి చెరకు తోటలకొరకు వేసవిలో పెద్ద కాలువను పారించినచో, దారిలో ఇంకిపోవు నీరే ఎక్కువ. అందుచేత కాలువను కొన్ని దినములు పారించి, కొన్ని దినములు కట్టి, వంతులవారీగా విడుచు పద్ధతి ఏర్పడినది. వంతు తప్పకుండ చూచువాడు లష్కరు. ఊరి నీరటికిని ఇతనికిని ఒక భేదమున్నది. నీరటి తాను పంచు నీటిని కన్నులార చూచువాడు. లష్కరు పంచునది నూరు కిలోమీటర్ల ఎగువనున్న నీరు. కాలువ తలయొద్దనున్న రైతునకు నీరు కనబడును. కొసనున్న రైతునకు కబురు మాత్రమే అందును. తలయొద్ద ఒక తూము రాత్రివేళ అరజానెడు అదనముగా లేచినచో, కొసన ఒక మడి బీటలువారును. ఏ పంపకములోనైనను న్యాయము కొసనే తేలును.

ఈ చెరకు ఏల వచ్చినది? 1932లో బ్రిటిషిండియాలో విదేశపు చక్కెరపై రక్షణ సుంకము విధించిన పిదప దేశమంతట చక్కెర మిల్లులు వెలసినవి. హైదరాబాదు సంస్థానములో 1929లోనే పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చుటకై ఒక పారిశ్రామిక నిధిని ఏర్పరచియుండిరి. నిజాంసాగరు నీరు, నల్లరేగడి నేల, రైలుబాట మూడును చేరువలోనున్న బోధనులో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పబడినది. దాని చుట్టును పెరిగిన పేటకు శక్కర్‌నగరు అని పేరు. ఆసియా ఖండములోనే పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా అది చిరకాలము ఖ్యాతి వహించినది. కృష్ణా, గుంటూరు మండలములనుండి కాలువ సేద్యము తెలిసిన రైతులు వచ్చి, క్యాంపులు అను పేరుతో ఊళ్లు కట్టుకొనిరి. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా క్షేత్రము వెలసినది. నీరు, నేల, యంత్రము, విద్య ఒక్కచోట కూడినవి.

కర్మాగారము రాగానే రెండవ పంపకము ఆరంభమైనది. అది నీటి పంపకము కాదు, దినముల పంపకము. చెరకు ధాన్యమువలె గాదెలో నిలువయుండునది కాదు. నరికిన గడియనుండియే గడలోని చక్కెర విరిగి, గడ్డకట్టని తీపిగా మారిపోవుచుండును. ఒక దినములో గానుగకు చేరినచో లాభము. రెండు మూడు దినములు ఎండలో పడియున్నచో రైతునకు తూకము తగ్గును, మిల్లునకు చక్కెర తగ్గును. ఇప్పుడు ఊహకొరకు ఒక మిల్లు దినమునకు 3,000 టన్నులు ఆడుననియు, ఎకరమునకు 30 టన్నులు పండుననియు అనుకొందము. దినమునకు 100 ఎకరములే నరకవలెను. 120 దినముల గానుగకాలములో 12,000 ఎకరములు. ఒకనాడు 150 ఎకరములు నరికినచో బండ్లు వరుసగా నిలిచిపోవును. ఎడ్లకు మేత కరవు, గడకు వాడు. మరునాడు 60 ఎకరములే నరికినచో గానుగ ఖాళీగా తిరుగును, కొలిమిలోని మంట వ్యర్థమగును.

కావున కోతచీటీ పుట్టినది. ఎవరి తోట ఎప్పుడు నాటినది, ఏ రకము, మొక్కతోటయా, కార్శితోటయా అని పుస్తకములలో వ్రాసి, ముందు పండినది ముందు నరకునట్లు దినము నిర్ణయించి చీటీ ఇచ్చెదరు. వినుటకిది సులభమైన న్యాయము. కాని చీటీ రెండు నెలలు ఆలస్యమైన రైతు స్థితి యోచింపుడు. గడ ఎండి బరువు తగ్గును. తోట ఖాళీ కాదు. తరువాతి పంటకు అదను దాటును. అప్పునకు వడ్డీ పెరుగును. ముందు చీటీ దొరికినవానికి అదే ధర, పచ్చి తూకము. అందుచేతనే ఈ చీటీ కాగితపు ముక్కయైనను పల్లెలలో దానిచుట్టును ఎంతయో ఆశ, ఎంతయో అనుమానము అల్లుకొనును. ఈ సంబంధమును చట్టబద్ధము చేయుటకే ఆంధ్రప్రదేశములో 1961లో చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టము వచ్చినది. 1966లో కేంద్ర ప్రభుత్వము చెరకు నియంత్రణ ఉత్తరువు వెలువరించి, చెరకు అందిన 14 దినములలో రైతునకు వెల చెల్లింపవలెనని నిబంధించినది. పంచుటలో కాలము కూడ ఒక సొత్తేయని చట్టము గుర్తించినట్లయినది.

పండిన గడ ఏదియో తెలిసికొనుటెట్లు? ఇక్కడ వెలుతురు మనకు సాయపడినది. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనబడుట మనము చూచియే యున్నాము. రసములో చక్కెర ఎక్కువైనకొలది వెలుతురు మరింతగా వంగును. ఈ ధర్మముపై ఆధారపడిన రిఫ్రాక్టోమీటరు అను చిన్న గొట్టమును చేతబట్టి, గడనుండి రెండు చుక్కల రసము అద్దముపై పిండి, ఆకాశమువైపు చూచినచో, రసములో ఎంత తీపి పదార్థమున్నదో గీతపై తెలియును. గడ మొదటను, చివరను ఒకే తీపి కనబడినచో తోట పక్వమైనట్లు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో 1815 ప్రాంతమున మరొక వింత కనుగొనెను. ఒకే తలమున కంపించు వెలుతురును చక్కెర ద్రావణముగుండ పంపినచో, ఆ తలము కొంత కోణము తిరుగును. చక్కెర ఎంత చిక్కనైనచో అంత ఎక్కువగా తిరుగును. పోలారిమీటరు అను పరికరము ఈ సూత్రమునుండియే పుట్టినది. చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో నేటికిని ఇదియే తీర్పరి. గానుగలో ఎంత చక్కెర చేరినది, పిప్పిలో ఎంత పోయినది, మడ్డిలో ఎంత మిగిలినది అను జమాఖర్చు దీనితోనే తేలును. చెరువు కట్టమీద నిలిచి నీటిమట్టము చూచినట్లే, కంటికి కనబడని తీపిని వెలుతురు మన కంటికి చూపినది. కొలత లేనిదే పంపకము లేదు.

ఇక మూడవ పంపకము కర్మాగారము లోపల జరుగును. అది ఆవిరి పంపకము. రోలర్ల నడుమ గడ నలిగి రసమును విడుచును. మిగిలిన పిప్పియే కొలిమికి కట్టె. దాని మంటతో పుట్టిన ఆవిరి గానుగను త్రిప్పును, రసమును కాచును. చెరకు తన వంటకు తానే వంటచెరకగు ఈ ఏర్పాటు సొంపైనది, కాని సున్నితమైనది. పిప్పిలో మిగిలిన తీపిని రాబట్టుటకు దానిపై వేడినీరు చల్లుదురు. నీరు ఎక్కువ చల్లినకొలది చక్కెర ఎక్కువ వచ్చును. అయితే ఆ నీటిని మరల మరిగించి ఇగురబెట్టవలెను గదా! అందుకు ఆవిరి, ఆవిరికి పిప్పి. ఒక మేరవరకు నీరు లాభము. అది దాటినచో పిప్పి చాలక బయటినుండి కట్టెలు కొనవలసివచ్చును. ఆ మేర ఎచటనున్నదో తెలిసికొని, దినదినము మారు చెరకును బట్టి దానిని సవరించుకొనుటయే కర్మాగార నియంత్రణలోని కిటుకు.

ఆవిరిని పొదుపుగా వాడుట నేర్పినవాడు అమెరికాలోని లూసియానా రాష్ట్రమునకు చెందిన నార్బర్ట్ రిల్లియూ. నల్లజాతి తల్లికి జన్మించిన ఈ ఇంజనీరు 1840లలో ఒక ఉపాయము పన్నెను. నాలుగు పాత్రలను వరుసగా నిలిపి, మొదటి పాత్రలోని రసమునుండి లేచిన ఆవిరితోనే రెండవదానిని, దాని ఆవిరితో మూడవదానిని కాచుట. గాలిని తీసివేయుటచే కడపటి పాత్రలు తక్కువ వేడికే మరుగుట. ఒక కిలో ఆవిరి ఇంచుమించు నాలుగు కిలోల నీటిని ఇగిర్చును. ఒక్కచోటి వేడిని నలుగురు వరుసగా పంచుకొన్నట్లు! బోధనువంటి కర్మాగారములన్నియు ఈ సూత్రముపైననే నడచినవి.

కడపట రసము పాకమగు పాత్రను పనివారు పాను అందురు. దానికి కాపరి పాన్‌మన్. పాకము పలుచనైనచో ఉన్న రవ్వ కరగిపోవును. మరీ చిక్కనైనచో కోరని సన్నరవ్వ పుట్టి, పెద్ద పలుకు ఎదుగదు. ఈ రెండింటి నడుమనున్న ఇరుకు బాటలో గంటలకొలది పాకమును నడపవలెను. పాన్‌మన్ మధ్యమధ్య ఒక కడ్డీతో కొంచెము పాకము తీసి, అద్దపు పలకపై పూసి, దీపమునకెదురుగా పట్టి రవ్వను పరీక్షించును. వ్రేళ్లనడుమ తీగ సాగదీసి చూచును. పిమ్మట రసపు తూము కొంచెము త్రిప్పును, ఆవిరి తూము కొంచెము దించును. చూచుట, పోల్చుట, సవరించుట, మరల చూచుట: నేటి స్వయంచాలక యంత్రములన్నియు చేయు పని ఇదియే. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు అమర్చిన తిరుగుడు గుండ్లు చేసినది ఇదియే. 1868లో మాక్స్‌వెల్ దానికి గణితము వ్రాసెను. కాలువమీది లష్కరు, పానువద్ది పనివాడు ఆ గణితము చదువకయే దానిని ఆచరించిరి.

బోధనులో గానుగ తొలిసారి ఆడిన ఆ సంవత్సరములలోనే, 1938లో, రష్యాలోని లెనిన్‌గ్రాడులో కాంతరోవిచ్ అను యువ గణితవేత్తను ఒక ప్లైవుడ్డు సంస్థవారు సలహా అడిగిరి. తమకు కొన్ని యంత్రములున్నవి, పలురకముల కలప ఉన్నది. ఏ యంత్రమునకు ఏ కలప ఇచ్చినచో ఉత్పత్తి ఎక్కువగును? ఆయన ఆ ప్రశ్నలోనుండి ఒక సర్వసామాన్యమైన గణితమునే వెలికితీసెను. 1947లో అమెరికాలో డాంట్‌జిగ్ అట్టి లెక్కలను క్రమముగా సాధించు మార్గము చూపెను. కాంతరోవిచ్‌కు 1975లో కూప్మన్స్ తోకూడ నోబెలు బహుమానము లభించినది. ఈ గణితములో మనకు ముఖ్యమైన సంగతి ఒకటున్నది. కొరతగానున్న ప్రతి వస్తువునకు సంతలో వెల లేకున్నను ఒక చాటు వెల యుండును. ఇంకొక్క తడి నీరు దొరికినచో ఎంత పంట అదనముగా దక్కునో అదియే ఆ నీటి చాటు వెల. తలయొద్ద పదవ తడికి ఆ వెల మిక్కిలి తక్కువ. కొసన ఎండుచున్న తోటకు ఒక్క తడి విలువ మిక్కిలి ఎక్కువ. కొస రైతు లష్కరుతో చెప్పుకొను మొరయే ఇది. గణితము దానికి అంకెలు తొడిగినది.

నేడు ఇట్టి లెక్కలను వెలుతురుచేతనే చేయించు ప్రయత్నములు సాగుచున్నవి. వెలుతురు కిరణములను అద్దములగుండ, పలుచదనము మార్చు పొరలగుండ పంపినచో వేలకొలది హెచ్చవేతలు, కూడికలు ఒక్కుమ్మడిగా జరిగిపోవును. యంత్రము వేగము ఎంత పెరిగినను, దానికి అందించు కొలతలు నిజమైనవి కానిచో సమాధానము నిజము కాదు. దేనిని ఎక్కువ చేయవలెనో, మొత్తపు పంటనా, మిల్లు లాభమునా, కొస రైతు బ్రతుకునా, అది నిర్ణయించుట యంత్రము పని కాదు; మన పని.

తరువాతి చరిత్ర ఈ మాటను గుర్తుచేయుచున్నది. మంజీర తెచ్చిన ఒండ్రుతో నిజాంసాగరు మేటవేసి, 1970లలో కొలిచినప్పుడు నీరుపట్టు శక్తి 12 శతకోటి ఘనపుటడుగులకు పడిపోయినట్లు తేలినది. మట్టము పెంచి దానిని 17.8 వరకు మరల తెచ్చిరి. ఎగువన సింగూరు జలాశయము వెలసి, మంజీర నీటిలో హైదరాబాదు నగరపు దాహమునకు వంతు ఏర్పడినది. కాలువ కొసనున్న భూములకు దిగువనుండి శ్రీరాంసాగరు నీటిని ఎత్తిపోసి ఇచ్చుటకు అలీసాగరు పథకము వచ్చినది. తలనుండి రానిది కొసనుండి తెచ్చుట అను ఈ ఆలోచన మెచ్చదగినది. కర్మాగారము మాత్రము నిలువలేదు. 2002లో దానిలో అధిక వాటా ప్రైవేటు పక్షమునకు పోయినది. 2015 డిసెంబరులో గానుగ ఆగినది. ఆగినది గానుగ ఒక్కటే కాదు. చెరకు వేయుటకు రైతునకున్న ధైర్యము, చీటీల వరుస, పానువద్ద తరములుగా కూడిన చేతి నేర్పు, శక్కర్‌నగరు ఇండ్లలోని నెలజీతము, అన్నియు ఒకదానినొకటి పట్టుకొనియున్న గొలుసు. ఒక కడియము ఊడినప్పుడు తక్కినవి ఎంత గట్టివైనను ప్రయోజనము లేదు.

ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసినది రెండు మాటలలో చెప్పవచ్చును. పంపకమునకు మొదటి మెట్టు, అందరికిని కనబడు కొలత. అది చెరువు కట్టయైనను, వెలుతురు చూపు గీతయైనను ఒక్కటే. రెండవ మెట్టు, కొసనున్నవానిని లెక్కలో చేర్చుట. నీటికి, దినములకు, ఆవిరికి వంతులు వేసిన ఆ లష్కర్లు, గుమాస్తాలు, పాన్‌మన్లు ఏ గ్రంథములోను పేరుకెక్కలేదు. అయినను రేపు ఎంతటి వేగవంతమైన యంత్రము వచ్చి మన నీటిని, మన పనిని పంచిపెట్టినను, వారు ఎదుర్కొన్న ప్రశ్ననే అదియు ఎదుర్కొనవలెను. దానికి ఆ ప్రశ్నను సరిగా చెప్పగలవారు మనలో ఉండవలెను.